కాలదోషం పట్టకూడని ప్రోనోటు

ఐరీన్ ఎంగ్ రాసిన ఎస్. రాజరత్నం జీవితచరిత్ర రెండు సంపుటాలు. మొదటిది ‘ది సింగపూర్ లయన్’, 2010లో వచ్చింది. రెండవదైన ‘ది లయన్స్ రోర్’ కోసం పాఠకులు 2024 దాకా ఆగవలసి వచ్చింది. రచయిత్రి మొదట పాత్రికేయురాలు, ఆ తరువాత అధికార పక్షం తరఫున పార్లమెంటు సభ్యురాలు. కథానాయకుని పట్ల తనకున్న గౌరవాన్ని ఆమె దాచుకోలేదు, దాచుకోవలసిన అవసరమూ లేదు. జీవితచరిత్రగా ఇవి చదవదగినవి, అలమరలో దాచుకోదగినవి. ఈ మాట చెప్పి సమీక్ష ధర్మాన్ని ఇక్కడితో ముగిస్తున్నాను. ఎందుకంటే ఈ పుస్తకాలు ఒక పాత తగవును మళ్ళీ నా ముందుకు తెచ్చాయి. ఇవాళ దాని సంగతి తేల్చుకోవాలి.

దేశం పుట్టిన నాడు చెప్పుకున్న ఆదర్శాలకు పౌరుల నిత్యజీవితంలో ఏమైనా విలువ ఉందా? ఇదీ తగవు. సింగపూరులో మన తెలుగువాళ్ళు నలుగురు కూడిన చోట దీనికి రెండు జవాబులు వినిపిస్తాయి. మొదటిది వ్యవహార దక్షుల జవాబు: “ప్రతిజ్ఞలు బడిపిల్లల చేత చదివించడానికే. దేశాన్ని నడిపేది పన్నులు, పోలీసులు, ఉద్యోగాలు.” రెండవది నిరాశావాదుల జవాబు: “సమానత్వం అన్నారు, ఇవ్వలేదు. కనుక అది మొదటినుంచీ అబద్ధమే.” రెండూ తెలివిగా ధ్వనిస్తాయి. రెండూ తప్పని నా వాదన. ఆదర్శం మీద ఆ రెండు పక్షాలవారికీ నమ్మకం లేదు. ఒకరు దాన్ని అలంకారమంటారు, మరొకరు మోసమంటారు. అది ఒక బాకీ అని మాత్రం ఎవరూ అనరు.

రాజరత్నం 1915లో జాఫ్నాలో పుట్టి, మలయాలోని సెరంబాన్‌లో పెరిగి, చదువు కోసం లండన్ వెళ్ళిన తమిళుడు. అక్కడ ఇంగ్లీషులో కథలు రాశారు, హంగరీ దేశపు యువతి పిరోష్కాను పెళ్ళాడారు. తిరిగి వచ్చి పాత్రికేయుడయ్యారు. 1959లో సాంస్కృతిక మంత్రి, 1965లో స్వతంత్ర సింగపూరుకు తొలి విదేశాంగ మంత్రి. ఎక్కడో పుట్టి, ఇంకెక్కడో పెరిగి, మరో దేశపు మనిషిని కట్టుకున్న ఈయనకు ‘మూలాలు’ అన్న మాట మీద పెద్ద మోజు లేకపోవడం సహజం. సింగపూరు పౌరుడు కావడం వంశం వల్ల వచ్చేది కాదని, ఎంపిక వల్ల, విశ్వాసం వల్ల వచ్చేదని ఆయన జీవితమంతా చెప్పారు.

1964లో ఈ ఊళ్ళోనే చైనీయులకూ మలయ్‌లకూ మధ్య అల్లర్లు జరిగి, జూలైలో 23 మంది, సెప్టెంబరులో 13 మంది చనిపోయారు. 1965 ఆగస్టు 9న మలేషియా నుంచి విడిపోయి, ఒంటరిగా మిగిలిన దేశం ఇది. ఆ నెత్తురు తడి ఆరకముందే, 1966 ఫిబ్రవరిలో, విద్యామంత్రి ఓంగ్ పాంగ్ బూన్ బడిపిల్లల ప్రతిజ్ఞకు సిద్ధమైన ముసాయిదాలను రాజరత్నానికి పంపారు. రాజరత్నం దానిని తిరగరాశారు. ఆ పాఠంలో జాతి, భాష, మతం అనే భేదాలను ‘మరచి’ ఒక్క ప్రజగా కావాలన్న అర్థం వచ్చే మాట ఉంది. ప్రధాని లీ క్వాన్ యూ దిద్దిన తరువాత నిలిచిన పాఠంలో ‘మరచి’ పోయింది. దాని స్థానంలో, ఆ భేదాలను ‘లెక్కచేయకుండా’ అన్న అర్థం వచ్చింది. 1966 ఆగస్టు 24 నుంచి బడులలో పిల్లలు చదువుతున్నది ఈ రెండవ పాఠమే. మలయ్ పాఠంలోనూ లెక్కచేయకుండా అనే అర్థమే ఉంది. తమిళ పాఠంలో మాత్రం నేటికీ ‘మరచి’ అనే మాటే నిలిచింది.

ఒక్క మాట మార్పుకు ఇంత రాద్ధాంతం ఎందుకని మీరు అడగవచ్చు. తగవంతా ఆ మాటలోనే ఉంది కనుక. మరపు లేకుండా జాతి నిర్మాణం జరగదని ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ 1882లోనే అన్నాడు. ఆ వాదానికి గౌరవం ఉంది. కానీ వృత్తిరీత్యా నేను మరపును జబ్బుగా చూసేవాణ్ణి. రాజరత్నం చివరి సంవత్సరాలు ఆ జబ్బులోనే గడిచాయి, 2006లో ఆయన పోయారు. మరచిపోవడం మనిషికి జరిగే సంగతి. లెక్కచేయకపోవడం మనిషి పూనుకొని చేసే పని. మొదటిదానికి క్రమశిక్షణ అక్కరలేదు, రెండవది పూర్తిగా క్రమశిక్షణ.

వార్డులోంచి ఒక ఉదాహరణ చెబుతాను. మూర్ఛకూ, ముఖనరాల నొప్పికీ వాడే కార్బమజెపీన్ అనే మందు ఉంది. హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యురూపం ఉన్నవారికి ఆ మందు పడితే ఒళ్ళంతా చర్మం ఊడి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఎక్కువ. ఆ జన్యురూపం యూరప్ మూలాలవారిలో అరుదు. చైనీయులలో, మలయ్‌లలో అంత అరుదు కాదు. అందుకే ఆసియా మూలాలున్న రోగికి ఆ మందు కొత్తగా మొదలుపెట్టే ముందు ఈ పరీక్ష చేయడం 2013 నుంచి సింగపూరులో ప్రమాణంగా ఉంది. ఇక్కడ నేను రోగి జాతిని ‘మరచిపోతే’ అతణ్ణి చంపినవాణ్ణవుతాను. కానీ ఖాళీగా ఉన్న ఒక్క మంచం ఇద్దరిలో ఎవరికివ్వాలని వచ్చినప్పుడు, జాతి లెక్కలోకి రాకూడదు. మేలు చేయడానికి భేదాన్ని గుర్తుంచుకోవాలి, విలువ కట్టడానికి దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. ప్రతిజ్ఞలోని మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు తెలియదు.

సరిగ్గా ఈ తేడా దగ్గరే 2009 ఆగస్టులో సింగపూరు పార్లమెంటులో పెద్ద వాదన జరిగింది. నామినేటెడ్ సభ్యుడు విశ్వ సదాశివన్ తన మొదటి ప్రసంగంలోనే, ప్రతిజ్ఞలోని సూత్రాలకు సభ తిరిగి కట్టుబడాలని తీర్మానం పెట్టారు. 85 ఏళ్ళ లీ క్వాన్ యూ లేచి దానిని ఖండించారు. సమానత్వం అన్నది ఇంకా చేరుకోని ఆకాంక్ష అనీ, రాజ్యాంగం 152వ అధికరణమే మలయ్‌ల ప్రత్యేక స్థానాన్ని గుర్తించి, మైనారిటీల బాగోగులు చూసే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టిందనీ, అందరినీ ఒకేలా చూడడం కుదరదనీ ఆయన వాదన సారాంశం. అందులో సగం నిజం. బలహీనుడి పట్ల ప్రత్యేక శ్రద్ధ ప్రతిజ్ఞకు విరుద్ధం కాదు, నా జన్యు పరీక్ష ఎలా విరుద్ధం కాదో అలాగే. కానీ ఆ నిజం నుంచి ఆయన తేల్చిన సంగతి నాకు మింగుడు పడదు. ‘ఆకాంక్ష’ అన్న మాటతో ఆదర్శాన్ని అటక మీద పెట్టవచ్చు, దించి నేల మీద పని చేయించనూవచ్చు. ఆయన చేసింది మొదటిది. ముప్పై ఏళ్ళకు పైగా ప్రధానమంత్రిగా ఉండి, చేతిలో ఏ నిచ్చెన కావాలంటే ఆ నిచ్చెన ఉన్న మనిషి నోట ఆ మాట రావడమే నన్ను బాధించింది.

మన పల్లెల్లో అప్పు పుచ్చుకున్నవాడు ప్రోనోటు రాసిస్తాడు. మూడేళ్ళు దాటితే దానికి కాలదోషం పడుతుంది. అందుకే తెలివైన రైతు గడువు లోపల కొంతైనా వసూలు చేసి, నోటు వెనుక చెల్లు రాయించుకుంటాడు. అక్కడి నుంచి గడువు మళ్ళీ మొదలవుతుంది. 1963లో వాషింగ్టన్ సభలో మార్టిన్ లూథర్ కింగ్ అమెరికా స్థాపక పత్రాలను ప్రామిసరీ నోటుతోనే పోల్చాడు. ఆయన చెప్పినదానికి మన రైతు ఒక్క మాట చేర్చగలడు: నోటు ఉంటే చాలదు, వెనుక చెల్లు పడుతూ ఉండాలి. స్థాపక ఆదర్శం దేశం ఎలా ఉందో చెప్పే వర్ణన కాదు కనుక, అది నిజమా అబద్ధమా అన్న ప్రశ్నే పొసగదు. అడిగేవాడు ఉన్నాడా, చెల్లు పడుతోందా అన్నవే దానికి తగిన ప్రశ్నలు.

అడగకపోతే ఏమవుతుందో తెలుగువాళ్ళకు పుస్తకాలు చదివి తెలుసుకోవలసిన అగత్యం లేదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నారు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు కావాలి. అక్కడి ఉద్యోగాలు అక్కడివారికి దక్కాలి. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతంవాడు కావాలి. నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ తొలి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేడు. నోటు మీద సిరా ఆరకముందే మొదటి వాయిదా ఎగ్గొట్టారన్నమాట. 1969 నాటికి ఆ బాకీ వీధుల్లోకి వచ్చి విద్యార్థుల ప్రాణాలు తీసింది. 2014 జూన్ 2న రాష్ట్రమే రెండుగా విడిపోయింది. “అవన్నీ కాగితం మీది మాటలు” అన్న వ్యవహార దక్షులు అప్పుడూ ఉన్నారు. ఆ కాగితాన్ని చివరిదాకా ఎవరు గుర్తుపెట్టుకున్నారో, ఎవరు మరచిపోయారో చూడండి. అప్పిచ్చినవాడు మరచిపోడు.

ఇంకొక తెలుగు సంగతి. భారతదేశపు బడులలో చదివే ప్రతిజ్ఞ మొదట తెలుగులో పుట్టింది. 1962లో, విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావు దానిని రాశారు. ఆయనది నల్లగొండ జిల్లా అన్నెపర్తి. తెన్నేటి విశ్వనాథం చేతుల మీదుగా అది నాటి విద్యామంత్రి పి.వి.జి. రాజుకు చేరింది. 1965 జనవరి 26 నుంచి దేశమంతటికీ వెళ్ళింది. నల్లగొండ మనిషి విశాఖలో కూర్చుని, భారతీయులందరూ నాకు తోబుట్టువులని రాశాడు, అదీ పెద్దమనుషుల ఒప్పందం వమ్మవుతున్న ఆ రోజుల్లోనే. ఆ ప్రతిజ్ఞను కోట్లమంది పిల్లలు చదివారు. రాసినవాడి పేరు మాత్రం దశాబ్దాల పాటు పాఠ్యపుస్తకంలో లేదు. రాజరత్నానికి రెండు సంపుటాలు దక్కాయి. పైడిమర్రికి ఆ పాటి జీవితచరిత్ర రాసే తెలుగు రచయిత ఎవరో ఇకనైనా ముందుకు రావాలి.

రెండు ప్రతిజ్ఞలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పైడిమర్రిది ‘నేను’ అంటుంది. అందులో దేశంతోపాటు తల్లిదండ్రులు, గురువులు, పెద్దలు ఉన్నారు, జంతువుల పట్ల దయ కూడా ఉంది. అది ఒక మంచి పిల్లవాడు కావడానికి చేసే ఒట్టు. రాజరత్నానిది బహువచనం. అందులో ప్రజాస్వామ్యం, న్యాయం, సమానత్వం ఉన్నాయి. అది సమాజాన్ని కట్టడానికి చేసే ఒట్టు. ఇంగ్లీషు బహువచనం ఒక సంగతిని కప్పిపుచ్చుతుంది, మన భాషలు దానిని దాచలేవు. తెలుగులో వినేవాణ్ణి కలుపుకుంటే ‘మనం’, విడిచిపెడితే ‘మేము’. మలయ్‌లోనూ ఇదే తేడా ఉంది, ‘కిత’ అంటే మనం, ‘కామి’ అంటే మేము. సింగపూరు ప్రతిజ్ఞ మలయ్ పాఠం ‘కామి’ అంటుంది. తమిళ పాఠం ‘నామ్’, అంటే మనం, అంటుంది. భారత రాజ్యాంగ పీఠికకు తెలుగు చేసినవారు ‘మేము’ అనే పెట్టారు. ఒట్టు వేసేటప్పుడు ఎదుట సాక్షి ఉంటాడు కనుక ‘మేము’ వ్యాకరణరీత్యా సమంజసమే. అయితే ఆ సాక్షిగా నిలబడ్డవాడు, అంటే నిన్న మొన్న వచ్చినవాడు, ఎప్పుడు ‘మనం’లోకి వస్తాడు? దేశాలన్నిటి అసలు పరీక్ష ఇదే.

సింగపూరు నోటు వెనుక చెల్లులు పడలేదా? పడ్డాయి. 2020 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి నివాసులలో చైనీయులు 74.3 శాతం, భారతీయులు 9 శాతం. 2023 అధ్యక్ష ఎన్నిక ఏ జాతికీ ప్రత్యేకించనిది, అందులో థర్మన్ షణ్ముగరత్నం 70.4 శాతం ఓట్లతో గెలిచారు. జనం ఇంకా సిద్ధంగా లేరని దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన నాయకుల కంటే జనమే ముందున్నారు. 2025 జనవరిలో, జాతి, మతం, భాష వంటి కారణాలతో ఉద్యోగాలలో వివక్ష చూపడాన్ని నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. ప్రతిజ్ఞ పుట్టిన 58 ఏళ్ళకు వచ్చిన చట్టం అది. ఆలస్యమే, కానీ చెల్లు చెల్లే.

ఇంకా తీరనివీ ఉన్నాయి. ఇల్లు అద్దెకిచ్చే ప్రకటనలలో భారతీయులు వద్దని రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. నేను ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు, ఫోనులో నా యాస విని మాట తప్పించిన యజమానులను లెక్కపెట్టి, కొన్నాళ్ళకు ఆ లెక్క మానేశాను. హెచ్‌డీబీ ఫ్లాట్లలో 1989 నుంచి జాతుల కోటా ఉంది. ఒక్కో బ్లాకులో, ఒక్కో పేటలో ఏ జాతివారు ఎంతమంది ఉండవచ్చో దానికి హద్దు ఉంది. పేటలు జాతులవారీగా చీలిపోకుండా ఆపిన మంచి విధానమే అది, కానీ ఇల్లు అమ్ముకోవలసి వచ్చిన మైనారిటీ కుటుంబానికి కొనేవారి సంఖ్యను తగ్గించేది కూడా అదే. బడిలో మాతృభాష సంగతి మనకు మరీ దగ్గరిది. తమిళం అధికార భాష. 1990 నుంచి హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూ భాషలను కూడా రెండవ భాషగా తీసుకోనిచ్చారు. ఆ జాబితాలో తెలుగు లేదు. మన పిల్లవాడు తమిళమో హిందీయో ‘మాతృభాష’గా రాసి పరీక్ష పాసవుతాడు.

ఈ చివరి సంగతి మీద మనవాళ్ళ ఆవేదన న్యాయమైనది. అడగాలి, గట్టిగా అడగాలి. కానీ ఎలా అడుగుతున్నాం? ఆ జాబితాలో మలయాళమూ లేదు, కన్నడమూ లేదు. మన భాష ఒక్కటే చేర్చమని చేసే విన్నపం పైరవీ అవుతుంది. లేని భాషలవారందరినీ కలుపుకొని చేసేదే ప్రతిజ్ఞ పేరిట చేసే విన్నపం. బాకీ అడిగేవాడికి ఉండవలసిన మొదటి అర్హత, తాను ఇతరులకు బాకీ పడ్డవాణ్ణని ఒప్పుకోవడం.

ఇక్కడే మనవాళ్ళతో నాకు అసలు పేచీ. సింగపూరులో మనం మైనారిటీ. కనుక సమానత్వం గురించి, వివక్ష గురించి మన నోట మంచి మాటలు వస్తాయి. అద్దె ప్రకటన చూసి మన నెత్తురు ఉడుకుతుంది. అదే మనం, అదే సాయంత్రం, హైదరాబాదులో ఉన్న మన ఫ్లాటుకు కిరాయిదారు కావాలని బ్రోకరుకు ఫోను చేసి, “శాకాహారులైతే బాగుంటుంది” అంటాం. శాకాహారం అన్న ముసుగు కింద ఏ కులంవారు వద్దో, ఏ మతంవారు వద్దో బ్రోకరుకు విడమరచి చెప్పనక్కర లేదు. అతను అర్థం చేసుకుంటాడు. ఇక్కడ రాజ్యాంగం మైనారిటీల పట్ల శ్రద్ధ పెట్టాలని చెబితే ముచ్చటపడతాం. అక్కడి రాజ్యాంగం అదే పని చేస్తే బుజ్జగింపు అంటాం. ఇక్కడ ‘మనం’లోకి రానివ్వలేదని అలుగుతాం. అక్కడ ‘మేము’ అనే గీత గీసి కాపలా కాస్తాం. సంఖ్యాబలం ఉన్న చోట ఒక న్యాయం, లేని చోట మరో న్యాయం. దీనికి ఆదర్శం అని పేరు పెట్టడం అన్యాయం, అవకాశం అంటే సరిపోతుంది.

“మనం ఇక్కడ అతిథులం, అడిగే హక్కు మనకెక్కడిది?” అనే పెద్దలూ ఉన్నారు. ఆ వినయాన్ని నేను నమ్మను. సింగపూరు రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు. ఈ దేశపు పౌరుడు కాదలచినవాడు పాత విధేయతను వదులుకొంటున్నానని ప్రమాణం చేయాలి. భారత రాజ్యాంగం 9వ అధికరణం కూడా, తనంత తానుగా పరాయి పౌరసత్వం పుచ్చుకున్నవాణ్ణి పౌరుడిగా ఉంచుకోదు. ఇక్కడ శాశ్వత నివాసం పొందినవారి కొడుకులు రెండేళ్ళు సైనిక సేవ చేస్తారు. నా కొడుకూ చేశాడు. పక్క మంచం మీది కుర్రవాడి జాతి ఏమిటో వాడికి తెలుసు, తుపాకి పట్టి కాపలా కాసే రాత్రి అది లెక్కలోకి రాదనీ తెలుసు. కొడుకును ఇచ్చిన తరువాత కూడా అతిథినే అనడం మర్యాద అనిపించుకోదు, బాధ్యత తప్పించుకోవడమే అవుతుంది.

టోవా పాయో అన్న పేరే హోక్కియన్ మాటకూ మలయ్ మాటకూ పుట్టినది. పెద్ద బురదనేల అని అర్థం. ఆ బురదను పూడ్చి కట్టిన ఈ పేటలో బౌద్ధ మఠం, మసీదు, కాళియమ్మ గుడి ఉన్నాయి. ఇవి పక్కపక్కన ఉన్నంత మాత్రాన సామరస్యం వచ్చినట్టేనని పర్యాటక పుస్తకాలు రాస్తాయి. ఇటుకలు పక్కపక్కన ఉండడం సులభం. మనుషులు ఒకరినొకరు లెక్కచేయవలసిన చోట చేసి, చేయకూడని చోట మానడం రోజువారీ పని, దాన్ని ఎవరూ మనకు కట్టి ఇవ్వరు.

కాబట్టి వ్యవహార దక్షులకు నా జవాబు: పన్నులూ పోలీసులూ దేశాన్ని నడుపుతారు, నిజమే. కానీ ఎవరి మీద నడుపుతున్నారో అడగడానికి పౌరుడి చేతిలో ఉన్న ఒకే ఒక్క కాగితం ఆ ప్రతిజ్ఞ. నిరాశావాదులకు నా జవాబు: అప్పు తీరలేదని నోటు చించుకునేవాడు అప్పు తీసుకున్నవాడికే మేలు చేస్తాడు. ఇక మిగిలిన మనందరికీ ఒక ప్రశ్న. ఇక్కడి నోటు మీద చెల్లు కోరుతున్న మనం, అక్కడ మన సంతకం ఉన్న నోటు మీద ఏం జమ వేశాం? వచ్చే నెలలో హైదరాబాదులోనో విశాఖలోనో మీ ఫ్లాటు ఖాళీ అయితే, బ్రోకరుకు ఏమని చెబుతారో ముందే ఆలోచించుకోండి. ప్రతిజ్ఞ మీద మీకు నమ్మకం ఉందో లేదో ఆ ఒక్క ఫోను చెబుతుంది.